కళ్ళంలో వ్యానుకు కరెంటు

మా ఊరికి కరెంటు ముందు మోటార్ల కోసం వచ్చింది. విడవలూరు నుంచి సముద్రం వైపు వచ్చే ఇసుక దారి వెంబడి స్తంభాలు పాతి, బావుల దాకా తీగలు లాగి, దారిలో తగిలిన ఇళ్ళకు కూడా ఇచ్చారు. అట్లా మా ఇంటికి రెండు బల్బులు వచ్చాయి. ఒకటి వసారాలో, ఒకటి వంటింట్లో. అన్నాలు కాగానే రెండూ నేనే ఆర్పేదాన్ని. ఆ తర్వాత చేసుకోవలసిన పని నిద్ర ఒక్కటే, దానికి వెలుతురెందుకు? మా ఇంటాయనకు మాత్రం స్విచ్చి నొక్కడమంటే పిలకాయకు బెల్లం ముక్క దొరికినట్టుండేది.

కరెంటు వచ్చిన మరుసటేడు, కోతలూ నూర్పిళ్ళూ అయిపోయి కళ్ళం ఖాళీ పడ్డాక, మా ఊరికి ఒక వ్యాను వచ్చింది. నెల్లూరి నుంచి క్రైస్తవుల అయ్యగారు ఒకాయన, ఆయన భార్య అందులోనే కాపురముంటూ ఊరూరా తిరిగేవాళ్ళు. పొద్దుగూకినాక తెల్లగుడ్డ కట్టి యేసుప్రభువు బొమ్మలు చూపించడం, పగలు పుళ్ళకూ గజ్జికీ మందు రాయడం వాళ్ళ పని. ఎప్పుడో ఆసుపత్రి బండిగా తిరిగి పాతబడిపోయిన ఇనప వ్యాను అది. మా ఇంటి పక్క కళ్ళంలో ఆపుకుంటామని అడిగితే మా ఇంటాయన సరేనన్నాడు. నన్ను అడగలేదు. ఏం చేస్తాం, చూద్దామని లోపలికి తొంగి చూశాను. ఒక చెక్క మంచం, మంచం కింద బియ్యపు డబ్బా, కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు, కిటికీకి పూల గుడ్డ. అనవసరమైన వస్తువు ఒక్కటి లేదు. ఇల్లంటే ఇట్లా ఉండాలి అనుకున్నాను గానీ పైకి అనలేదు. పైకి అంటే మనుషులు నెత్తినెక్కుతారు.

అయ్యగారి భార్యకు అప్పుడు ఏడో నెల. ఊళ్ళో వాళ్ళు ఆమెను వ్యానమ్మ అనేవాళ్ళు. వచ్చిన మర్నాడే ఆమెకు ఎరుపు కనిపించింది. అయ్యగారు కాళ్ళూ చేతులూ ఆడక మా వసారాలోకి పరుగెత్తుకొచ్చాడు. మా ఇంటాయన బండి కట్టుకుని పోయి విడవలూరు నుంచి నర్సమ్మను తీసుకొచ్చాడు. ఆమె చూసి బయటికొచ్చి, చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"ఈ బండిని మీరు కదిలించినారంటే ఈ బిడ్డ కూడా దక్కదు. కాన్పు అయిందాకా ఇక్కడే, ఆ మంచం మీదే. ఈ గతుకుల్లో ఒక్క అడుగు పోగూడదు."

ఈ బిడ్డ కూడా అన్న మాట అప్పుడు నా చెవిన పడింది. అంతకు ముందు రెండు కడుపులు పోయాయట. రెండూ ఊరికీ ఊరికీ మధ్య దారిలోనే పోయాయట. ఇది కూడా పోతే ఇంక తనకు బతికుండాలని లేదని ఆమె నర్సమ్మతో అనిందట. ఆమె మాట్లాడేది తక్కువ. ఆ ఒక్క మాట కూడా గోడ వైపు తిరిగి అనిందట.

మరి ఎక్కడ పడుకోబెట్టాలి? మా ఇంట్లో చోటుంది. మా అత్త ఒప్పుకోలేదు. ఇంకొకరింటి పురుడు మన గడపలో జరిగితే ఆ మైల మనకు పట్టుకుంటుందని ఆమె పట్టు. ఆచారంలో మా అత్త పట్టు పట్టిందంటే ఎద్దుల్ని కట్టి లాగినా కదలదు. కానీ మేం ఆ మాట చెప్పుకోవలసిన అవసరమే రాలేదు. వ్యానమ్మే చెప్పింది.

"వొద్దక్కా. పెండ్లయినప్పటి నుంచీ నాకుండే ఇల్లు ఇదొకటే. ఏమైనా ఇందులోనే కానీ."

అట్లా ఆ వ్యాను కళ్ళంలో పాతేసినట్టు నిలబడిపోయింది.

మా వైపు ఎండల సంగతి మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి వస్తుంది, అది వచ్చేలోపల పడమటి గాలి మనిషిని ఆరబెట్టేస్తుంది. ఆ ఎండలో ఇనప రేకుల పెట్టె. వ్యాను మీద తాటాకు పందిరి వేయించాను. గోనెలు తడిపి కిటికీలకు కట్టాను. అయినా లోపలికి పోతే పొయ్యిలో తలపెట్టినట్టే ఉండేది. ఆమె తడిగుడ్డ పొట్ట మీద వేసుకుని పైకి చూస్తూ పడుకుని ఉండేది. లేవకూడదు, దిగకూడదు, చెట్టు కిందికి పోకూడదు. మా అత్త వ్యాను తాకదు గానీ పందిరి కింద ముక్కాలి పీట వేసుకుని కూర్చునేది.

"ఆ యమ్మ పెసలు వేగినట్టు వేగిపోతా ఉండాది మే," అనింది ఒకనాడు నాతో. "మొగోళ్ళకు బుద్ధి లేకపోతే నీకన్నా ఉండబళ్ళా?"

ఆ మాట మా ఇంటాయన అందుకున్నాడు. "మన వసారాలో నుంచి తీగ లాగి వ్యానుకు కరెంటిద్దాం. అయ్యగారు నెల్లూర్లో ఎవరినన్నా అడిగి ఫ్యాను తెస్తాడు."

నేను వెంటనే సరేననలేదు. ఎండ పోయినాక ఫ్యాను ఆపాలి, వ్యానులో బల్బు పెట్టకూడదు, ఫ్యాను చూసే వంకతో ఊళ్ళో వాళ్ళంతా వచ్చి కూర్చోకూడదు అన్నాను. అన్నిటికీ సరేనన్నారు. అయ్యగారు బస్సులో పోయి ఎవరో వాడుకుని పక్కన పెట్టిన బల్ల ఫ్యాను ఒకటి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. దాని మెడ కొంచెం వాలిపోయి ఉండింది, జబ్బు చేసిన కోడిలాగా.

విడవలూరు నుంచి వైరుమేన్ వచ్చాడు. మనిషి పొట్టి, నోరు పెద్దది.

"అమ్మా, నేను లాగిన తీగ మీద కాకి వాలినా దానికి నేనే జవాబు," అన్నాడు.

"కాకి సంగతి తర్వాత. మేకు వంకర పోకుండా కొట్టు. పోయినా పారెయ్యబాక, సాపు చేసుకుంటా."

వసారా గోడ నుంచి వ్యాను దాకా మధ్యలో రెండు సరుగుడు గుంజలు పాతించి, తలకు తగలనంత ఎత్తున తీగ తీసుకుపోయాడు. వ్యాను లోపల చెక్కమీద ఒక ప్లగ్గు, ఒక స్విచ్చి బిగించాడు. తర్వాత వచ్చి, ఒక గంపెడు బొగ్గులు, ఒక గంపెడు రాళ్ళుప్పు ఇమ్మన్నాడు.

"ఎందుకు? వంట ఇక్కడే చేసుకుంటావా?"

"ఎర్తుకమ్మా. ఎప్పుడన్నా కరెంటు దారి తప్పి వ్యాను ఇనుములోకి వచ్చిందనుకో, మనిషిని పట్టుకోకుండా భూమిలోకి పోయేదానికి దారి. కింద చక్రాలన్నీ రబ్బరు గదా, ఈ బండికి నేలతో సంబంధం లేదు. మనమే కలపాల."

నాకు అది సబబుగా తోచింది. ఉప్పుకు మా సముద్రపు ఒడ్డున కరువు లేదు. బొగ్గులు పొయ్యిలోవి ఆర్పి దాచిపెట్టినవి ఉన్నాయి. వ్యాను వెనక నడుం లోతు గుంట తీసి, అందులో ఇనప గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు నింపి, గొట్టానికి కట్టిన తీగను వ్యానుకు బిగించి, పైన ఇసుక కప్పేశాడు. రోజూ ఒక బిందెడు నీళ్ళు అక్కడ పొయ్యమన్నాడు. ఎండిపోతే పనిచేయదట. ఇంటి పట్టున ఉండేది మా అత్త కాబట్టి ఆ పని ఆమెకు అప్పజెప్పాను. గుంట తీసి నింపేటప్పుడు ఆమె వసారాలో నిలబడి అంతా చూస్తూనే ఉంది. ఎందుకో ఏమిటో ఆమెకు ఎవరం చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

ఫ్యాను తిరిగింది. వ్యానమ్మ నుదుటి మీద వెంట్రుకలు కదిలాయి. ఆమె కళ్ళు మూసుకుంది, చాలాసేపు తెరవలేదు. ఏడుస్తున్నదేమోనని దగ్గరికి పోయి చూశాను. నిద్రపోయింది. మా ఊరికి వచ్చినాక పగటిపూట ఆమె నిద్రపోవడం అదే మొదలు. మా ఇంటాయన గాలిని తానే కనిపెట్టినట్టు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అవతలికి పొమ్మన్నాను.

ఆ వారంలోనే వ్యాను వెనక గుంట మీద మా అత్త కనకాంబరం మొక్క నాటింది. నాకు నచ్చింది. ఎట్లాగూ రోజూ నీళ్ళు పోస్తున్నాం గదా, ఆ నీళ్ళకు నాలుగు పూలైనా పూస్తాయి. "మంచి పని చేసినావత్తా" అన్నాను. నేను ఆమెను మెచ్చుకున్న సందర్భాలు తక్కువ. ఆమె చెంబు తీసుకుని లోపలికి పోయింది.

తెల్లవారి లేచి మా వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గు పెట్టి, అదే పేడనీళ్ళు వ్యాను మెట్టు ముందు కూడా చల్లేదాన్ని. వాళ్ళు క్రైస్తవులు, ముగ్గు అక్కర్లేదు. అయినా మనుషులు కాపురమున్న గడప ముందు పొడి దుమ్ము లేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. అది వ్యానైనా సరే, నడుం వాల్చి నిద్రపోయేవాళ్ళుంటే అది ఇల్లే.

నెల గడిచింది. ఎనిమిదో నెల వచ్చింది. నర్సమ్మ వచ్చి చూసి బిడ్డ నిలిచిందని తలూపింది.

ఒకనాటి పొద్దున అయ్యగారు పక్క ఊరికి పోయి ఉన్నాడు. నేను అప్పుడే కల్లాపి చల్లి, బిందెతో వసారా దగ్గరికి వస్తున్నాను. రాత్రంతా ఉక్కపోసిందని ఆ రోజు పొద్దున్నే వ్యానులో ఫ్యాను వేయనిచ్చాను. వ్యానమ్మ నోరు బాగాలేదని ముందు రోజు అన్నం ముట్టలేదు. మా అత్త మిరియాల చారు కాచి గిన్నెలో పోసుకుని పోయింది. ఎప్పుడూ అయితే ముక్కాలి పీట మీద పెట్టేసి నన్ను కేక వేసేది. ఆ రోజు ఏమనిపించిందో, చారు చల్లారిపోతుందనుకుందో, తానే అందిద్దామని మెట్టు దగ్గర ఆ తడినేల మీద నిలబడి, తలుపు పక్కన ఇనప కమ్మీ పట్టుకుంది. అన్నాళ్ళలో ఆమె ఆ వ్యానును తాకడం అదే.

ఒక్క అరుపు అరిచింది. గిన్నె ఎగిరి అవతల పడింది, ఆమె ఇవతల పడింది.

"అమ్మో! ఏదో పట్టుకునిందే నన్ను! చెయ్యంతా పీక్కపోయిందే!"

లోపల వ్యానమ్మ ఆ అరుపు విని, పెద్దామె పడిపోయిందని మంచం దిగి తలుపు దగ్గరికి వస్తున్నది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఒక కాలు కిందికి పెట్టబోతున్నది. కరెంటు దారి తప్పి వ్యాను ఇనుములోకి వస్తే మనిషిని పట్టుకుంటుందని వైరుమేన్ చెప్పిన మాట అప్పుడు నా తలలో మెరిసింది.

"దిగబాకమ్మా! దిగబాక! ఏదీ ముట్టుకోబాక, పోయి మంచమెక్కు!"

నేను అట్లా అరవగా అంతకు ముందు ఎవరూ వినలేదు. ఆమె కాలు వెనక్కి తీసుకుంది. నేను బిందె అక్కడే వదిలేసి వసారాలోకి ఉరికి మెయిను లాగేశాను. 

మా అత్తకు దెబ్బేమీ తగల్లేదు. మోచెయ్యి గీరుకుంది, అంతే. కానీ వ్యానమ్మ భయాన్ని పట్టలేకపోయాం. అయ్యగారు వచ్చేసరికి ఆమె మంచం మధ్యలో ముడుచుకుని కూర్చుని, ఏ పక్కా చెయ్యి ఆనించకుండా ఉంది.

"పోదాం పదండి," అనింది ఆయనతో. "ఈ ఇల్లు కూడా నన్ను వొద్దంటా ఉండాది."

"పోతే గతుకుల్లో ఏమవుతుందో నర్సమ్మ చెప్పింది గదా."

"ఉంటే ఏమవతాదో కళ్ళారా చూసినా గదా. నా కాలు కింద పెట్టుంటే?"

ఆయన నా వైపు చూశాడు. నేను ఏం చెప్పను? కరెంటు లేకుండా ఉండమందామంటే ఆ ఎండకు ఆమె రెండు రోజులు తట్టుకోదు. పొమ్మందామంటే దారి చంపుతుంది. అయ్యగారు రేపు పొద్దున్నే, ఎండెక్కక ముందే, నిదానంగా నడిపించుకుని పోతానన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన గొంతు ఆయనకే నమ్మకం లేనట్టుంది.

మా ఇంటాయన అప్పటికే సైకిలు మీద పోయి వైరుమేన్‌ను పట్టుకొచ్చాడు. అతను రావడం రావడమే తన తప్పు లేదని మొదలుపెట్టాడు. ఫ్యాను ఊడదీసి చూశాడు. మెడ దగ్గర తీగ ఒరుసుకుని, రాగి బయటపడి వ్యాను రేకుకు తగులుతూ ఉంది.

"చూసినారా, ఫ్యానుది తప్పు. నాది కాదు."

"ఫ్యానుది తప్పైతే నీ గుంట ఏం చేస్తా ఉండాది? దానికే గదా నా బొగ్గులు తీసుకుపోయినావు," అన్నాను.

అతను వ్యాను వెనక్కి పోయాడు. మేమూ పోయాం. కనకాంబరం పచ్చగా, గుత్తులు గుత్తులుగా పూసి ఉంది. అతను నడుం మీద చేతులు పెట్టుకుని దాన్నే చూశాడు.

"ఇదేందబ్బా. గంపెడు ఉప్పు పోసిన చోట కనకాంబరం ఎట్టా బతికింది?"

 సేద్యం చేసే ఇంట్లో పుట్టి, సేద్యం చేసే ఇంట్లో మెట్టి, ఉప్పునేలలో మొక్క బతకదన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. మా అత్త పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ రాత్రే అందరూ పడుకున్నాక తవ్వి పారేసినా," అనింది. "గొట్టం, బొగ్గులు, ఉప్పు అన్నీ గంపకెత్తి కాలవలో కలిపి వచ్చినా. ఆ తీగ కొస అక్కడే దోపేసి, మంచి మన్ను పోసి, పసుపునీళ్ళు చల్లి, మొక్క పెట్టినా."

"ఎందుకే? నీకేమన్నా మతి పోయిందా?" మా ఇంటాయన గట్టిగా అరిచాడు.

"అరవబాక రా. ఉప్పు, బొగ్గు, ఇనుము మూడూ కలిపి గడప కాడ ఎందుకు పాతిపెడతారో నీకు తెలవదా? నువ్వు పుట్టకముందు నా తొలిచూలు పోయింది గదా. అప్పుడు మన గడప కింద తవ్వితే దొరికింది ఇదే. ఉప్పు, బొగ్గు, ఇనప మేకు. ఎవరు పెట్టినారో, ఎందుకు పెట్టినారో ఈ రోజుకీ తెలవదు. కడుపుతో ఉండే ఆడది పడుకునే చోట, నా కళ్ళ ముందర, ఆ మనిషి అవే పాతిపెడతా ఉంటే నేను గమ్మున చూస్తా కూర్చోవాల్నా? ఆ యమ్మకు రెండు పోయి ఉండాయి. మూడోది నా కళ్ళంలో పోతే?"

ఆ తొలిచూలు సంగతి నాకు అంతకు ముందు తెలియదు. ఆ ఇంట్లో ఎన్నో ఏళ్ళు కాపురం చేసి కూడా తెలియదు. 

అయ్యగారు గొంతు సవరించుకున్నాడు. చేతబడి, చిల్లంగి అనేవి ఉండవని ఆయన ఊరూరా చెప్పే మనిషి. "అమ్మా, అటువంటి నమ్మకాలు..." అని మొదలుపెట్టాడో లేదో, వ్యాను కిటికీలో నుంచి భార్య గొంతు వినపడింది.

"మీరు గమ్మునుండండి."

ఆమె మళ్ళీ అనింది. "అవ్వా, నా కోసరమే తీసేసినావా?"

"నీ కోసరం కాకపోతే ఆ ఫ్యాను కోసరమా?"

వైరుమేన్ మళ్ళీ గుంట తీశాడు. ఈసారి ఎందుకేమిటని అడిగి అడిగి మా అత్త అతని ప్రాణం తోడేసింది. ఉప్పు ఏం చేస్తుంది, బొగ్గు ఏం చేస్తుంది, ఇనుమెందుకు, నీళ్ళెందుకు. అతను ఉప్పు తడిని పట్టి ఉంచుతుందని, తడి ఉంటే కరెంటు నేలలో ఇంకిపోతుందని నాలుగు రకాలుగా చెప్పాడు. "అంటే మనిషికి పట్టే పీడను భూమి మింగేస్తాది. అంతేనా?" అనింది ఆమె. అతను ఆలోచించి అంతేనన్నాడు. ఫ్యాను తీగ మార్చాడు. మెట్టు ముందు ఇంకెప్పుడూ నీళ్ళు చల్లొద్దని నాకు చెప్పాడు. మెయిను వేయించి, బల్బు కట్టిన తీగతో వ్యాను చుట్టూ తాకించి చూసి, మళ్ళీ తీయించి బాగుందన్నాడు.

అన్నాడు గానీ వ్యానమ్మ నమ్మలేదు. "ఆ మాట ముందు కూడా చెప్పినాడు గదా," అనింది. అదీ నిజమే. 

మా అత్త తొట్టి దగ్గరికి పోయింది. రెండు చేతులూ మోచేతుల దాకా కడుక్కుంది. తుడుచుకోలేదు. కాళ్ళ మీద కూడా నీళ్ళు పోసుకుని, చుక్కలు కారుతుండగా వచ్చి మెట్టు ముందు నిలబడింది.

"వెయ్యి మే మెయిను," అనింది నాతో.

"అత్తా, వొద్దు."

"వెయ్యమంటే వెయ్యి. పొద్దుపోయిన ప్రాణం నాది. దాంది పొద్దెక్కే ప్రాణం."

మా ఇంటాయన ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. నేను వైరుమేన్ ముఖం చూశాను. అతను చెమట తుడుచుకుంటూ తలూపాడు. వసారాలోకి పోయి మెయిను వేశాను. వ్యానులో ఫ్యాను తిరిగిన చప్పుడు వినిపించింది. నేను మళ్ళీ కళ్ళంలోకి వచ్చేసరికి మా అత్త రెండు అరచేతులూ వ్యాను రేకుకు ఆనించి నిలబడి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"ఏం లేదు," అనింది కాసేపటికి. "కాలతా ఉండాది. ఎండకు. ఇంకేం లేదు."

చేతులు తీయలేదు. వ్యానమ్మ మంచం మీద నుంచి ఆమెనే చూస్తున్నది. తర్వాత నిదానంగా వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, పక్కనున్న రేకు మీద తన చెయ్యి కూడా ఆనించింది. వాళ్ళిద్దరి చేతుల మధ్య ఆ ఇనప రేకే ఉంది.

వాళ్ళు పోలేదు. అప్పటి నుంచి ఆ గుంటలో నీళ్ళు పోసే పని మా అత్త ఇంకెవరినీ చేయనివ్వలేదు. నేను పోయబోతే నాకు కొలత తెలియదని చెంబు లాక్కునేది.

నెలలు నిండాక ఒకనాడు పొద్దున నొప్పులొచ్చాయి. నర్సమ్మ సమయానికి అందుకుంది. నేను లోపల ఉన్నాను. అయ్యగారు, మా ఇంటాయన వేపచెట్టు కింద. మా అత్త పందిరి కింద అటూ ఇటూ తిరుగుతున్నది. ఆడబిడ్డ పుట్టింది. కెవ్వుమని ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికే ఇన్నాళ్ళూ అందరం చెవులు పెట్టుకుని ఉన్నాం. వ్యానమ్మ బిడ్డను చూసి, ఏడుస్తున్నదా అని నన్ను అడిగింది. వినపడుతూనే ఉంది, అయినా అడిగింది. "ఏడస్తా ఉండాదమ్మా, బాగా ఏడస్తా ఉండాది" అన్నాను.

అంతలో వ్యాను కదిలినట్టయింది. మా అత్త మెట్టెక్కి లోపలికి వచ్చేసింది. మైల లేదు, మడి లేదు. బిడ్డను ఒక చూపు చూసి, ముక్కు తండ్రిదని తేల్చేసి, నా మీద పడింది.

"ఏందిమే అట్టా చూస్తా నిలబడినావు? ముందు ఆ ఫ్యాను ఆపు! పురిటి బిడ్డకు గాలి తగిలితే ఇంకేమన్నా ఉండాదా?"

"ఈ ఎండలో ఫ్యాను లేకుంటే ఎట్టా పెద్దమ్మా?" అనింది నర్సమ్మ.

"ఫ్యాన్లు లేనప్పుడు పిలకాయలు పుట్టలేదా? నువ్వు ఎట్టా పుట్టినావు?"

నర్సమ్మ నా వైపు చూసింది, నేను వ్యానమ్మ వైపు చూశాను. ఆమెకు నవ్వొస్తున్నది, నవ్వితే నొప్పి పుడుతున్నది. "ఆపెయ్యక్కా," అనింది. "అవ్వ మాట విందాం."

నేను స్విచ్చి నొక్కాను. రెక్కలు నిదానంగా ఆగిపోయాయి. మా అత్త తన పాత చీర చింపి తల్లికి చెవులు కట్టింది, బిడ్డకు తలకు చుట్టింది, కిటికీ గుడ్డ దించేసింది. ఆ ఇనప పెట్టెలో నలుగురు ఆడవాళ్ళం చెమటలు కారుతూ కూర్చున్నాం. బిడ్డ మాత్రం నోరు కొంచెం తెరుచుకుని హాయిగా నిద్రపోయింది.